మెత్తగా చేయించాక నొప్పి పెరిగిన స్కూటరు సీటు: ఇంట్లో సరిచేసుకోవడం ఎలా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రాజోలు నుంచి అమలాపురానికి రోజూ స్కూటరు మీదే ఉద్యోగానికి వెళ్లి వస్తున్నారు. బండికి ఆరేళ్లు. అరగంట దాటితే కూర్చున్న చోట మంట, నడుము అడుగున తోక ఎముక దగ్గర పోటు. రెండు నెలల కిందట ఒక షాపులో ఇస్తే పాత ఫోము మీద రెండంగుళాల స్పాంజి వేసి, కొత్త రెగ్జిన్ తొడిగి ఇచ్చారు. మొదటి రోజు పరుపు మీద కూర్చున్నట్టుంది. పది రోజులు తిరిగేసరికి నొప్పి మునుపటికంటే ఎక్కువైంది. పైగా ఎత్తు పెరిగి, బండి ఆపితే మునివేళ్లే నేలకు అందుతున్నాయి. ఇంట్లోనే విప్పి సరిచేసుకోవచ్చా, జెల్ ప్యాడ్ కొనమంటున్నారు కొనాలా, ఎంత ఖర్చవుతుంది అని అడిగారు.

నేను రావులపాలెం దగ్గర ఇరవై ఎనిమిదేళ్లుగా కుషన్ పని చేస్తున్నాను. మా నాన్న కొబ్బరి పీచు దట్టించి రిక్షా సీట్లు కుట్టేవారు. నా చేతికి స్కూటర్లు, ఆటోలు, ఈ మధ్య ట్రాక్టర్ సీట్లు వచ్చాయి. ముందు పొట్టి జవాబు చెబుతాను. ఇంట్లో చేసుకోవచ్చు, కాకపోతే ఒక ఆదివారంతో తెమలదు, రెండు పడతాయి. జెల్ ప్యాడ్ కొనవద్దు. మీ సీటుకు కొత్తగా వేయాల్సింది కొంచెమే, తీసేయాల్సిందే ఎక్కువ.

కూర్చున్నప్పుడు బరువు పిరుదుల మొత్తం మీద సమానంగా పడుతుందని అందరూ అనుకుంటారు. అలా పడదు. కటి అడుగున రెండు ఎముకల కొనలుంటాయి. అరచేతుల మీద కూర్చుని అటూ ఇటూ కదిలితే రాళ్లలా తగులుతాయి. నిటారుగా కూర్చున్న మనిషి బరువులో పెద్ద వాటా మోసేవి ఆ రెండు కొనలే. వాటి కింద గట్టి ఆధారం ఉండాలి, చుట్టూ కండకు కాస్త మెత్తదనం ఉండాలి, వెనక తోక ఎముకకు ఏదీ తగలకుండా ఖాళీ ఉండాలి. మెత్తని స్పాంజి వేస్తే ఏమవుతుందంటే, ఆ రెండు కొనలు దాన్ని అట్టముక్కంత మందానికి నొక్కేసి అడుగున ఉన్న పాత ఫోము మీదకు దిగిపోతాయి. చుట్టూ ఉన్న స్పాంజి మాత్రం పైకి లేచి తొడలను ఒరుసుకుంటుంది, వెనక తోక ఎముకను తాకుతుంది. అంటే అంతవరకు రెండు చోట్ల ఉన్న నొప్పి నాలుగు చోట్లకు పాకుతుంది. షాపు వాళ్లు మోసం చేశారని కాదు. అడిగేవాళ్లు బొటనవేలితో నొక్కి చూసి 'ఇంకా మెత్తగా' అంటారు, వాళ్లు అలాగే చేసి పంపిస్తారు. వేలి బరువుకు మెత్తగా ఉన్నది మనిషి బరువుకు ఎలా ఉంటుందో ఆ నిమిషంలో ఎవరికీ తెలియదు.

సీటు మీద చెయ్యి వేయకముందే ఇంకో రెండు చూడండి. ఒకటి టైర్లలో గాలి. మీ బండి లాంటి 110 సీసీ స్కూటర్లకు ఒక్కరే వెళ్లేటప్పుడు ముందు 22, వెనక 29 పీఎస్‌ఐ దరిదాపులో పెట్టమని కంపెనీ పుస్తకాల్లో ఉంటుంది. మీ బండిది సీటు కిందో, పుస్తకంలోనో చూసుకోండి. మన వైపు చాలా చోట్ల గాలి పట్టే కుర్రాడు అడగకుండా నలభై కొట్టేస్తాడు. నలభై గాలితో కాలువ గట్టు రోడ్డు ఎక్కితే ఏ సీటూ కాపాడలేదు. రెండోది వెనక షాక్ అబ్జార్బరు. బండిని స్టాండు తీసి, సీటు వెనక భాగాన్ని రెండు చేతులతో గట్టిగా కిందకు నొక్కి వదలండి. ఒక్కసారి పైకి వచ్చి ఆగాలి. పడవలా ఊగినా, దాని చుట్టూ నూనె కారి మట్టి అంటుకుని ఉన్నా, ముందు అది మార్పించండి. ఈ మాట చెప్పినందుకు నాకు బేరం పోయిన రోజులున్నాయి, అయినా చెబుతాను.

ఇక కొలత. పార్సిల్ వచ్చిన అట్టపెట్టె ఒకటి తీసుకుని, లోపల అలలు అలలుగా ఉండే రకం అట్ట, గట్టి బల్ల మీద పరిచి దాని మీద కూర్చోండి. కాళ్ల కింద చిన్న పీట పెట్టుకుని మోకాళ్లు కాస్త పైకి లేపి, ముందుకు వంగకుండా రెండు నిమిషాలు కదలకుండా ఉండండి. లేచాక అట్టను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే రెండు సొట్టలు కనిపిస్తాయి. ఒక సొట్ట నడిమి నుంచి ఇంకో సొట్ట నడిమికి ఎంతుందో రాసుకోండి. నేను చూసినవాళ్లలో ఎక్కువ మందికి 10 నుంచి 14 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. ఆడవాళ్లకు సాధారణంగా కాస్త ఎక్కువ. తర్వాత స్కూటరు మీద మీరు రోజూ కూర్చునే తీరులోనే కూర్చుని, రెండు పక్కలా సుద్దతో గీత గీయమని ఇంట్లో ఎవరికైనా చెప్పండి. ఆ గీత, ఈ కొలత కలిస్తే సీటులో పని చేయాల్సిన చోటు తెలుస్తుంది. మిగతా సీటంతా ముట్టుకోనక్కరలేదు.

సీటు విప్పడం తేలిక. సీటు ఎత్తితే ముందు వైపు కీలు దగ్గర చాలా బళ్లకు రెండు నట్లుంటాయి, 10 నంబరు పానా పడుతుంది. తీసేముందు ఫోనుతో ఫొటో తీసుకోండి. అడుగున ఉండే రబ్బరు బుడిపెలు, తాళం కొక్కెం ఒక గిన్నెలో వేయండి. ఆ బుడిపె ఒక్కటి పోయినా సీటు టకటకమంటూ రోజంతా ప్రాణం తీస్తుంది. తిరగేసి చూస్తే ప్లాస్టిక్ అడుగు చుట్టూ పిన్నులుంటాయి. సన్నని స్క్రూడ్రైవర్ మొనతో ఒక కాలు లేపి, కటింగ్ ప్లయర్‌తో లాగండి. వందకు పైగా ఉండొచ్చు, తొందరపడి రెగ్జిన్ చింపకండి. పాత తొడుగు కూడా పారేయవద్దు, కొత్తదానికి అదే నమూనా.

లోపల మీకు రెండు పొరలు కనిపిస్తాయి. పైన షాపు వాళ్లు వేసిన స్పాంజి, కింద కంపెనీ ఫోము. పై స్పాంజిని అంచు నుంచి నెమ్మదిగా ఊడదీయండి. దాన్నుంచి అన్ని వైపులా 10 సెంటీమీటర్లు ఉండేలా ఒక ఘనం కోసి, బంగారం కొట్టులోనో, వంటింటి డిజిటల్ కాటా మీదో తూచండి. ఎన్ని గ్రాములు తూగితే దాని డెన్సిటీ అంత. 40 డెన్సిటీ అని అమ్మిన ఫోము 40 గ్రాములు తూగాలి. పది సెంటీమీటర్ల మందం దొరకదు కాబట్టి ముక్కలు పేర్చి తూచినా ఫరవాలేదు. మీ రెండంగుళాల స్పాంజి పద్దెనిమిదో ఇరవయ్యో తూగుతుందని నా అంచనా. ఆరేడు నెలల్లో అది పూర్తిగా చచ్చిపోయేది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. డెన్సిటీ అంటే గట్టిదనం కాదు. ఎంత సరుకు పోశారన్న లెక్క అది. ఒకే 40 డెన్సిటీలో మెత్తనిదీ దొరుకుతుంది, గట్టిదీ దొరుకుతుంది. డెన్సిటీ ఎక్కువైతే ఎక్కువ కాలం ఆకారం నిలుస్తుంది, ఎంత గట్టిగా ఉందన్నది విడిగా కూర్చుని చూసుకోవాలి. షాపులో నించున్నచోటే ముక్కను నేల మీద పెట్టి, దాని మీద ఒక మోకాలితో బరువంతా వేసి చూడండి. నేల తగిలితే అది వద్దు.

కంపెనీ ఫోమును మాత్రం గౌరవంగా చూడండి. అచ్చులో పోసిన ఫోము అది. మనం బజారులో కొనే పలకల కంటే ఆకారం బాగా నిలుస్తుంది. ఆరేళ్లలో పాడయ్యేది మీరు కూర్చునే రెండు చోట్లే. ఇంకో సంగతి గమనిస్తారు: వెనక భాగంలో ఎడమ అంచు కుంగి ఉంటుంది. మన దగ్గర వెనక కూర్చునే ఆడవాళ్లు ఒకవైపుకు తిరిగి కూర్చుంటారు కదా, ఏళ్ల తరబడి ఆ బరువంతా ఒక్క అంచు మీదే పడుతుంది. నా దగ్గరకు వచ్చే పది సీట్లలో ఏడెనిమిది అలాగే ఉంటాయి. చేపల చెరువుల వాళ్ల బళ్లకైతే రెండు అంచులూ పోతాయి, పాతిక కిలోల మేత బస్తాలు అడ్డంగా వేస్తారు మరి.

ఫోము తడిగా ఉంటే, వానాకాలం కాబట్టి ఉంటుందనే అనుకుంటున్నాను, పిండి నీడలో గాలి తగిలేలా వేలాడదీయండి. మూడు నాలుగు రోజులు పడుతుంది. ఎండలో పెట్టకండి, పైపొర పసుపు రంగుకు తిరిగి పొడి రాలుతుంది. బూజు వాసన వస్తుంటే సబ్బు నీళ్లలో ముంచి పిండి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి ఆరబెట్టండి.

ఆరిన ఫోమును మళ్లీ ప్లాస్టిక్ అడుగు మీద కూర్చోబెట్టి, బండికి బిగించి, వాలు చూడాలి. ఇది చాలామంది వదిలేసే పని, నా దృష్టిలో ఇదే అసలు పని. తాపీ మేస్త్రీల దగ్గర ఉండే రసమట్టం అడిగి తెచ్చుకోండి. బండి సెంటర్ స్టాండు మీద ఉండగా చూస్తే లెక్క తప్పుతుంది, వెనక చక్రం పైకి లేచి ఉంటుంది కాబట్టి. స్టాండు తీసి, రెండు చక్రాలూ నేల మీద ఉండగా, ఒకరు హ్యాండిల్ పట్టుకుంటే ఇంకొకరు సీటు మీద చిన్న చెక్క వేసి దాని మీద రసమట్టం పెట్టండి. ముప్పై సెంటీమీటర్ల పొడవుకు రెండు సెంటీమీటర్లు ముందుకు వాలి ఉందనుకోండి, మీరు బ్రేకు వేసిన ప్రతిసారీ ముందుకు జారతారు, మళ్లీ వెనక్కి జరుగుతారు. ఆ జారుడులోనే చర్మం ఒరుసుకుని మంట పుడుతుంది, నడుము కూడా వంగి తోక ఎముక సీటుకు ఆనుతుంది. కూర్చునే చోటు దాదాపు సమానంగా, వెనక వైపు మూడు నాలుగు మిల్లీమీటర్లు పల్లంగా ఉంటే చాలు. దీనికోసం ముందు భాగం ఎత్తు పెంచకండి, మీకు కాళ్లు అందవు. వెనక భాగాన్ని తవ్వండి.

తవ్వడానికి ఫ్రేము తీసేసిన హాక్సా బ్లేడు చాలు, పట్టుకునే వైపు గుడ్డ చుట్టుకోండి. బ్రెడ్డు కోసే పళ్ల కత్తి ఉంటే ఇంకా మంచిది. సుద్ద గీతల ఆధారంగా సుమారు 28 సెంటీమీటర్ల వెడల్పు, 24 సెంటీమీటర్ల పొడవు ఉండే భాగాన్ని గుర్తు పెట్టుకోండి. అంత వెడల్పు ఎందుకంటే, మీ ఎముకల కొలతకు రెండు పక్కలా కండకు కూడా చోటు కావాలి. అందులో 25 మిల్లీమీటర్ల లోతు పళ్లెంలా తీయాలి. అడుగున కనీసం 30 మిల్లీమీటర్ల పాత ఫోము మిగలాలి. సూదికి దారం గుర్తు కట్టి గుచ్చి చూస్తూ కోయండి. ఒకేసారి లోతుగా కోయకుండా తోలులా పలచని ముక్కలు తీస్తూ పొండి. తర్వాత ముతక ఉప్పు కాగితాన్ని చెక్కముక్కకు చుట్టి రుద్దితే గతుకులు పోతాయి. ఫోము పొడి ముక్కులోకి పోతుంది, నోటికీ ముక్కుకూ గుడ్డ కట్టుకోండి, వంటింట్లో చేయకండి.

అదే చేత్తో ఇంకో కోత ఉంది, మీలాంటి ఎత్తు తక్కువ ఉన్నవాళ్లకు వరం లాంటిది. సీటు ముందు భాగంలో రెండు పక్కల భుజాలు, అంటే తొడల లోపలి వైపు ఒరుసుకునే అంచులు, ఒక్కో వైపు 10 నుంచి 15 మిల్లీమీటర్లు గుండ్రంగా చెక్కేయండి. యాక్టివా, జూపిటర్ లాంటి బళ్ల సీటు ఎత్తు 765 మిల్లీమీటర్ల దరిదాపే. అది పెద్ద ఎత్తేమీ కాదు. కాలు అందకపోవడానికి చాలాసార్లు కారణం వెడల్పు. అంచు చెక్కితే కాలు పక్కకు తెరుచుకోకుండా నిటారుగా దిగుతుంది. ఎత్తు ఒక్క మిల్లీమీటరు తగ్గించకుండానే పాదం ముందు సగం నేల మీద పడుతుంది. షాపు వాళ్లు పెంచిన రెండంగుళాలు కూడా పోతాయి కాబట్టి మీకు ఇబ్బంది తీరిపోవాలి.

తవ్విన పళ్లెంలో ఏం పెట్టాలి? అడుగున రీబాండ్ ఫోము, 10 మిల్లీమీటర్లు. రంగురంగుల ముక్కలు కలిపి అచ్చు వేసినట్టు ఉంటుంది, సోఫాలు చేసేవాళ్ల దగ్గర దొరుకుతుంది, చేతికి బరువుగా తగులుతుంది. దాని పైన 40 డెన్సిటీలో గట్టి రకం, 20 మిల్లీమీటర్లు. ఈ రెండూ కలిపి 30 అయ్యాయి, మీరు తీసింది 25. కూర్చుంటే కొంచెం దిగుతుంది కాబట్టి సరిపోతుంది. అంచుల దగ్గర రెండు పొరలనూ ఏటవాలుగా, తాపేశ్వరం మడత కాజా అంచులా పలచబరచండి. నిట్టనిలువు అంచు ఉంటే పై తొడుగు లోంచి మెట్టులా తెలుస్తుంది. చివరగా సీటు మొత్తం మీద 5 మిల్లీమీటర్ల మెత్తని ఫోము ఒక పొర వేస్తే లోపలి అతుకులన్నీ కప్పేస్తుంది. తోక ఎముక కోసం, పై 20 మిల్లీమీటర్ల పొరలో వెనక అంచు నుంచి ముందుకు ఒక చారికలా, 4 సెంటీమీటర్ల వెడల్పు, 8 సెంటీమీటర్ల పొడవు కోసి తీసేయండి. మీ పోటు తగ్గేది ప్రధానంగా దీనివల్లే.

అతికించడానికి ఫెవికాల్ ఎస్‌ఆర్ 998 లాంటి రబ్బరు సొల్యూషన్ వాడతాం. రెండు ముఖాలకూ పలచగా రాసి, వేలికి అంటుకోనంత ఆరేవరకు పది పదిహేను నిమిషాలు ఆగి, అప్పుడు కలపాలి. ఒకసారి అంటితే ఊడిరాదు, సరిగ్గా గురి చూసి పెట్టండి. ఎముకలు ఆనే చోట మాత్రం సొల్యూషన్ రాయకండి. ఎండిన సొల్యూషన్ అప్పడంలా గట్టిబడుతుంది, మీరు దాని మీదే కూర్చోవాల్సి వస్తుంది. చుట్టూ అంచుల్లో రాస్తే చాలు. దాని ఆవిరి తల తిరిగేలా చేస్తుంది, పైగా మంట అంటుకుంటుంది. అరుగు మీద చేయండి. దీపం, అగరుబత్తి, గ్యాసు పొయ్యి దగ్గర వద్దు. మీ బండికి పెట్రోలు మూత సీటు కిందే ఉంటే సీటు ఊడదీసి దూరంగా పెట్టుకునే పని చేయండి.

ఇప్పుడు రెగ్జిన్ తొడగాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగండి. పాత నూలు చీర ఒకటి నాలుగు మడతలు వేసి ఫోము మీద బిగుతుగా చుట్టి, అడుగున సన్నని తాడుతో కట్టి, సీటు బండికి బిగించండి. కొసలు చక్రంలోకి జారకుండా లోపలికి దోపాలి. అలా ఎండ రోజులు చూసుకుని నాలుగు రోజులు ఆఫీసుకు వెళ్లి రండి. చూసేవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. సీటు ఐదు నిమిషాల్లో ఏమీ చెప్పదు, గంట కూర్చుంటేనే దాని బుద్ధి బయటపడుతుంది. ఎక్కడ నొక్కుతోందో సాయంత్రం ఇంటికి రాగానే చీర మీద సుద్దతో గుర్తు పెట్టి, రాత్రికి విప్పి ఉప్పు కాగితంతో కాస్త రుద్దండి. నా సొంత బండి సీటుకు ఆరుసార్లు విప్పాను.

ఈ చీర పద్ధతి నాకు ఊరికే రాలేదు. పని నేర్చిన కొత్తలో నా స్కూటరుకు నేనే మూడంగుళాల మెత్తని స్పాంజి వేసి, నున్నగా మెరిసే రెగ్జిన్ తొడిగి, మా ఆవిడను ఎక్కించుకుని అంతర్వేది తీర్థానికి బయలుదేరాను. బ్రేకు వేసినప్పుడల్లా ఆమె వచ్చి నా వీపుకు గుద్దుకునేది, నేను వెళ్లి హ్యాండిల్‌కు గుద్దుకునేవాణ్ణి. రాజోలు చేరేసరికి ఆమె దిగి, 'మీ పనితనం మీరే అనుభవించండి, నేను బస్సులో వస్తాను' అంది. కల్యాణం చూసి తిరిగి వచ్చేటప్పుడు కూడా బస్సే ఎక్కింది. మర్నాడు ఆ సీటు కోసి చూస్తే, మధ్యలో స్పాంజి పూతరేకులా అణిగిపోయి ఉంది.

జెల్ ప్యాడ్ సంగతి అడిగారు కదా. మంచి జెల్ ఒత్తిడిని పరుస్తుంది, కాదనను. కానీ అది బరువు, ఎండలో పెట్టిన బండిలో వేడిని పట్టుకుని వదలదు. మే నెలలో ఆఫీసు ఆవరణలో మూడు గంటలు నిలబడిన స్కూటరు మీద కూర్చోవడమే కష్టం, దాని కింద కాగిన జెల్ ఉంటే చెప్పనక్కరలేదు. పైన వేసుకునే ప్యాడ్ అయితే ఎత్తు పెంచుతుంది, జారుతుంది కూడా. మెమరీ ఫోము కూడా ఇదే తంతు, వేడికి ఇంకా మెత్తబడి అడుగుదాకా దిగుతుంది. ఆఫీసు కుర్చీకి బాగుంటుందేమో గాని స్కూటరుకు నాకు నచ్చలేదు. మన కోనసీమ పీచుతో చేసే రబ్బరు పూసిన కొబ్బరి పీచు పలకలున్నాయే, వాటి మీద నాకు మమకారం ఉంది. గాలి ఆడుతుంది, నీరు నిలవదు, త్వరగా అణగదు. రీబాండ్ దొరకకపోతే అడుగు పొరగా పది మిల్లీమీటర్ల పీచు పలక వేసుకోవచ్చు. పై పొరగా మాత్రం వేయకండి, బాగా గట్టి. పాత స్కూటర్ల విడి సీట్ల కింద స్ప్రింగులుండేవి, వాటి మీద పీచు దిండు సుఖంగా ఉండేది. ఇప్పటి ప్లాస్టిక్ అడుగుల్లో స్ప్రింగుకు చోటు లేదు.

నీళ్ల సంగతి ఇప్పుడు. మన ప్రాంతంలో సీటును చంపేది మనిషి బరువు కంటే వాన. నీరు ఎక్కువగా కుట్టు రంధ్రాల్లోంచి దిగుతుంది. ఫోము పీల్చుకున్నాక పైన తుడిచి కూర్చున్నా సరే, బరువు పడగానే కుట్టులోంచి ఊరి బట్టలు తడుస్తాయి. ఆ అనుభవం మీకు ఉండే ఉంటుంది. అందుకని ఫోముకూ రెగ్జిన్‌కూ మధ్య పలచని ప్లాస్టిక్ పొర వేయాలి. చెరువుల వాళ్లకు రొయ్య పిల్లలు వచ్చే సీడు కవర్లుంటాయి, ఆక్సిజన్ నింపినా పగలని రకం; తెలిసినవాళ్ల దగ్గర ఒకటి అడిగితే ఇస్తారు. కడిగి, ఆరబెట్టి, పైనా పక్కలా కప్పండి. అడుగు వైపు మాత్రం మూసేయకండి. మొత్తం మూస్తే కూర్చున్నప్పుడు గాలి పోవడానికి దారి లేక బెలూనులా ఉబ్బుతుంది, ఎలాగో లోపలికి వెళ్లిన నీరు బయటకు రాదు. ప్లాస్టిక్ అడుగుకు కంపెనీ వాళ్లు పెట్టిన చిల్లులు ఉంటే అవి నీరు పోయేందుకే, టేపు వేయవద్దు.

రెగ్జిన్ కొనేటప్పుడు తిరగేసి చూడండి. వెనక గళ్ల నేత గుడ్డ ఉంటే సాగదు, మూలల్లో ముడతలు పడుతుంది. బనియను గుడ్డలా అల్లిక ఉన్నది సాగుతుంది, అది తీసుకోండి. పై ముఖం కాస్త గరుకుగా, గింజ గింజగా ఉండాలి. నల్లది వద్దంటే ఎవరూ వినరు గాని, ముదురు బూడిద రంగు ఎండకు కొంత నయం. సాధారణంగా 54 అంగుళాల పన్నా వస్తుంది, మీటరు కొంటే మిగులుతుంది. పాత తొడుగు కుట్లు బ్లేడుతో విప్పి, ముక్కలు పరిచి, వాటి మీద పెట్టి కోయండి. ఫోము ఆకారం మార్చారు కాబట్టి చుట్టూ రెండు వేళ్ల వెడల్పు అదనంగా వదలండి. కుట్టడం ఇంటి మిషను మీద జరగదని చెప్పను, 18 నంబరు సూది, పాలిస్టర్ దారం పెట్టి నెమ్మదిగా తిప్పితే కుడుతుంది. నైలాన్ దారం ఎండకు త్వరగా చీకుతుంది. అయినా నా సలహా, స్కూలు బ్యాగులు కుట్టే ఆయనకు ఇవ్వండి, పావుగంట పని. కుట్టు కూర్చునే చోట రాకుండా చూడమనండి, కుట్టిన గీత వెనక సొల్యూషన్ ఒక పూత పూయండి.

తొడిగేముందు రెగ్జిన్‌ను పదిహేను నిమిషాలు ఎండలో పరిస్తే మెత్తబడి చెప్పినట్టు వింటుంది. ముందు నడిమి ఒక పిన్ను, వెనక నడిమికి లాగి ఒకటి, తర్వాత ఎడమ నడిమి, కుడి నడిమి. అక్కడి నుంచి ఎదురెదురుగా వెళుతూ మూలలు చివర్లో చేయాలి. ఒక పక్కంతా కొట్టేసి రెండో పక్కకు వస్తే తొడుగు మెలికపడుతుంది, అప్పుడు అన్నీ పీకడమే. పిన్ను 6 మిల్లీమీటర్లది చాలు, ప్లాస్టిక్ అడుగు పలచగా ఉన్నచోట పొడుగు పిన్ను ఫోములోకి వచ్చి ఏదో ఒక రోజు పలకరిస్తుంది. పిన్నులు కొట్టే చేతి గన్నుతో పిన్ను పూర్తిగా దిగకపోతే చిన్న సుత్తితో కొట్టండి. స్టెయిన్‌లెస్ పిన్నులే అడగండి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మామూలు పిన్నులు రెండు వానాకాలాలకు తుప్పుపట్టి రాలిపోవడం అంతర్వేది, ఓడలరేవు వైపు నుంచి వచ్చే బళ్లలో చూస్తూనే ఉంటాను. బిగించాక సీటు మూసి తాళం పడుతోందో లేదో చూడండి. అడుగు అంచు మీద రెగ్జిన్ రెండు మడతలు పడితే కొక్కెం అందదు.

ఖర్చు గురించి. కిందటేడాది మా మేనల్లుడి బండికి ఇదే పద్ధతిలో చేస్తే ఫోములు, రెగ్జిన్, సొల్యూషన్, పిన్నులు, కుట్టుకూలి కలిపి పన్నెండు వందలు దాటలేదు. గన్ను కొనకండి, ఎవరినైనా అడిగి తెచ్చుకోండి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. బండి దిగిన తర్వాత కూడా తిమ్మిరి గంటల తరబడి ఉన్నా, నొప్పి కాలి వెనక నుంచి కిందకు పాకుతున్నా అది సీటు రోగం కాదు, ముందు డాక్టరుకు చూపించండి. అలాంటివాళ్లకు నేను సీటు కోసి ఇవ్వను.

మీరు చీర చుట్టి నాలుగు రోజులు నడిపాక, ఎక్కడ నొక్కుతోందో నాకు రాయండి: ఎడమా కుడా, ముందా వెనకా, ఇంటి దగ్గర బయలుదేరాక ఏ ఊరు వచ్చేసరికి మొదలవుతోందో. వెనక మీ అత్తగారు కూర్చుంటారని రాశారు కాబట్టి, ఆ ఎడమ అంచు ఎంత కుంగిందో కూడా స్కేలు పెట్టి కొలిచి చెప్పండి. అక్కడ రీబాండ్ ముక్క ఎంత మందం వేయాలో దాన్ని బట్టి చెబుతాను. ఈలోగా రెగ్జిన్ మాత్రం కొనకండి.